మేరీ కోమ్ గొప్పా, నిఖత్ జరీన్ గొప్పా? తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో సాయంత్రం పూట పిల్లలకు బాక్సింగ్ నేర్పుతుంటాను. లోపల పిల్లలు స్కిప్పింగ్ చేస్తుంటే బయట బెంచీ మీద వాళ్ల అమ్మానాన్నలు వాదించుకుంటుంటారు. 2022 మేలో ఇస్తాంబుల్‌లో నిఖత్ ప్రపంచ టైటిల్ గెలిచిన మర్నాటి నుంచి ఆ బెంచీ మీద ఒకటే చర్చ: మేరీనా, నిఖతా? ప్రాక్టీసు అయ్యాక పునుగుల బండి దగ్గర ఆగినా అదే. చెప్పిందే చెప్పి విసుగొచ్చి, అడిగినవాళ్లు అడిగిన మాటల్లోనే రాసి పెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే అది తీసి చదువుకోండి.

## మొదలుపెట్టిన రోజులు

ఇద్దరిలో ఎవరు ఎక్కువ కష్టపడి పైకొచ్చారు?

మేరీ. దీనికి నేను తడుముకోను. మణిపూర్‌లో కాంగథేయి అనే పల్లె, పొలం పనుల మీద బతికే కుటుంబం. 1998లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మణిపూర్ కుర్రాడు డింకో సింగ్ బంగారం తెచ్చాక అక్కడి పిల్లలకు బాక్సింగ్ పిచ్చి పట్టింది. మేరీ ఇంట్లో చెప్పకుండా నేర్చుకుంది. 2000లో రాష్ట్ర ఛాంపియన్ అయి పేపర్లో ఫొటో పడితే గానీ వాళ్ల నాన్నకు సంగతి తెలియలేదు.

నిఖత్‌ది ఇంకో కథ. నాన్నే చెయ్యి పట్టుకుని గ్రౌండ్‌కు తీసుకెళ్లాడు. కష్టం ఇంట్లో కాదు, వీధిలో. నిజామాబాద్‌లో అప్పట్లో బాక్సింగ్‌కు వచ్చే అమ్మాయే లేదు, మగపిల్లలతోనే ప్రాక్టీసు. నిక్కర్లేంటి, దెబ్బలేంటి, రేపు పెళ్లెలా అవుతుంది అని చుట్టాల మాటలు. గుంటూరులో ఆ మాటలు ఇప్పటికీ వినపడుతూనే ఉన్నాయి లెండి.

నిఖత్ తెలంగాణ అమ్మాయి కదా, మనం ఊరికే మనది మనది అంటున్నామా?

ఊరికే ఏం కాదు. పుట్టింది, మొదటి గ్లౌజులు తొడుక్కుంది నిజామాబాద్‌లోనే. ఆ తర్వాత 2009లో విశాఖపట్నంలోని స్పోర్ట్స్ అథారిటీ కేంద్రానికి వచ్చింది. అక్కడ ద్రోణాచార్య అవార్డు అందుకున్న ఐ. వెంకటేశ్వరరావు గారి దగ్గర శిక్షణ. రెండేళ్లు తిరిగేసరికి, 2011లో, టర్కీలోని అంతాల్యాలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. మన ఊళ్లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చేరే చోట ఆ పంచ్‌లు పదునెక్కాయన్నమాట. కాకపోతే ఈ అభిమానాన్ని పతకాల లెక్కలోకి తేకూడదు.

మేరీ మొదలుపెట్టేనాటికి ఆడవాళ్ల బాక్సింగ్ అంటూ ఉందా అసలు?

అప్పుడప్పుడే కళ్లు తెరుస్తోంది. మహిళలకు మొట్టమొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది 2001లో, అమెరికాలోని స్క్రాంటన్‌లో. 48 కిలోల్లో మేరీ ఫైనల్‌కు వెళ్లి, టర్కీకి చెందిన హుల్యా సాహిన్ చేతిలో ఓడి వెండి తెచ్చింది. అంటే ఆమె ఈ ఆటలోకి రాలేదు, ఈ ఆటతో పాటే పెరిగింది. మరుసటి ఏడాది 2002లో మొదటి బంగారం కూడా అంతాల్యాలోనే గెలిచింది. తొమ్మిదేళ్ల తేడాతో ఇద్దరూ తొలి ప్రపంచ స్వర్ణం ఒకే ఊళ్లో అందుకోవడం నాకైతే ముచ్చటగా అనిపిస్తుంది.

## పతకాల లెక్క

మేరీ ప్రపంచ ఛాంపియన్ ఆరుసార్లా, ఏడుసార్లా, ఎనిమిదిసార్లా? తలా ఒకటి చెబుతున్నారు.

ఛాంపియన్ ఆరుసార్లు, పతకాలు ఎనిమిది. ఈ రెండూ కలిపేసి చెప్పడంతో వచ్చిన తికమక ఇది. బంగారాలు 2002, 2005, 2006, 2008, 2010, 2018లో. వీటికి 2001 వెండి, 2019 కాంస్యం కలపండి. మగవాళ్లలో క్యూబా దిగ్గజం ఫెలిక్స్ సవోన్‌కు కూడా ప్రపంచ టైటిళ్లు ఆరే.

నిఖత్‌వి ఎన్ని?

సీనియర్స్‌లో రెండు, రెండూ బంగారాలే. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోలు, 2023లో ఢిల్లీలో 50 కిలోలు. భారత్ నుంచి ఒకటికి మించి ప్రపంచ టైటిళ్లు గెలిచిన మహిళలు వీళ్లిద్దరే. 2022కు ముందు మేరీ కాకుండా సరితా దేవి, జెన్నీ, లేఖ కూడా ప్రపంచ ఛాంపియన్లయ్యారు. అయితే ఆ ముగ్గురూ 2006లో సొంతగడ్డ మీద గెలిచినవాళ్లు. పరాయి గడ్డ మీద మేరీ తర్వాత మొదట గెలిచింది నిఖతే.

ఆరుకి రెండు. ఇంకా పోలికేంటండీ?

బెంచీ మీద ఎక్కువ గొంతులు లేచేది ఇక్కడే. అంకెలే చూస్తే వాదనే లేదు. కానీ ఆ ఆరింట్లో ఐదు, 2012 ఒలింపిక్స్‌లో మహిళల బాక్సింగ్ పెట్టకముందు గెలిచినవి. ఒలింపిక్స్‌లో లేని ఆట మీద ఏ దేశ ప్రభుత్వమూ పెద్దగా డబ్బు పెట్టదు. చేర్చుతున్నట్టు 2009లో ప్రకటించాకే అన్ని దేశాలూ అమ్మాయిలకు కోచ్‌లను, క్యాంపులను ఏర్పాటు చేశాయి. నిఖత్ గెలిచిన ఇస్తాంబుల్ పోటీలకు 73 దేశాల నుంచి 310 మంది వచ్చారు. పైగా మేరీ తొలి ఐదు బంగారాలు 45, 46, 48 కిలోల్లో. 2006, 2008, 2010 మూడు ఫైనల్స్‌లోనూ ఎదురుగా నిలబడింది ఒకే మనిషి, రొమేనియా బాక్సర్ స్టెలుటా డూటా. చిన్న బరువుల్లో పోటీ ఎంత పలచగా ఉండేదో ఆ ఒక్క సంగతి చెబుతుంది.

'అయితే మేరీవి తేలిగ్గా వచ్చిన పతకాలా?' అని ఒకాయన అడిగారు. కాదండీ. పోటీ పలచగా ఉంటే ఒకసారి గెలవచ్చు, రెండుసార్లు గెలవచ్చు. తొమ్మిదేళ్ల పాటు జరిగిన ప్రతి ప్రపంచ పోటీలో ఫైనల్‌కు వెళ్లడం పలచదనంతో అయ్యే పని కాదు. మధ్యలో 2007లో కవలలు పుట్టారు. కడుపు కోసి బిడ్డల్ని తీసిన ఏడాదికే మళ్లీ రింగ్ ఎక్కి 2008లో చైనాలోని నింగ్బోలో గెలిచింది. ఇక ఆరో బంగారం, 2018 ఢిల్లీది, అన్ని దేశాలూ పూర్తిగా సిద్ధమై వచ్చిన కాలంలోది. ముగ్గురు పిల్లల తల్లి, 35 దాటిన వయసు, ఫైనల్లో ఉక్రెయిన్ అమ్మాయి హన్నా ఒఖోటా మీద 5-0. తొలి ఐదు బంగారాల మీద ఎవరికైనా అనుమానముంటే ఈ ఆరోదాన్ని చూపిస్తాను.

ఆసియా, కామన్వెల్త్ కూడా కలిపితే నిఖత్ దగ్గరికొస్తుందా?

రాదు. ఆసియా క్రీడల్లో మేరీకి 2010లో కాంస్యం, 2014 ఇంచియాన్‌లో బంగారం. నిఖత్‌కు హాంగ్‌జౌలో కాంస్యం. కామన్వెల్త్ క్రీడల్లో చెరొక బంగారం, మేరీది 2018లో, నిఖత్‌ది 2022లో. ఆసియా ఛాంపియన్‌షిప్‌లో మేరీ ఐదుసార్లు విజేత, నిఖత్‌కు 2019లో కాంస్యం వచ్చింది.

5-0 అంటే ఐదు పంచ్‌లేనా? మరి లండన్‌లో 11-6 అని ఎందుకుంది?

రెండు వేర్వేరు పద్ధతులు. లండన్ ఒలింపిక్స్ నాటికి తగిలిన పంచ్‌లకు జడ్జీలు మీటలు నొక్కితే కంప్యూటర్ లెక్కకట్టేది. అందుకే సెమీస్‌లో మేరీ మీద బ్రిటన్ బాక్సర్ నికోలా ఆడమ్స్ 11-6తో గెలిచింది అంటారు. ఇప్పుడు ఐదుగురు జడ్జీలు ఉంటారు. ప్రతి రౌండ్‌లో పైచేయి ఎవరిదనిపిస్తే వాళ్లకు 10, రెండోవాళ్లకు మామూలుగా 9. చివర్లో ఐదుగురి కార్డుల్లోనూ ఒకరే ముందుంటే అది 5-0.

కాబట్టి 5-0 అనగానే ఏకపక్షం అనుకోవద్దు. ఇస్తాంబుల్ ఫైనల్లో థాయ్‌లాండ్ అమ్మాయి జిట్‌పోంగ్ జుటామస్ మీద నిఖత్ 5-0తో గెలిచింది. కార్డులు చూస్తే ఇద్దరు జడ్జీలు 30-27 ఇచ్చారు, ముగ్గురు 29-28 ఇచ్చారు. అంటే ఆ ముగ్గురి దృష్టిలో ఒక రౌండ్ జుటామస్‌దే. పేపర్లో హెడ్డింగ్ మాత్రం 'చిత్తు చేసిన నిఖత్' అని వస్తుంది.

నాకౌట్లు ఎవరివి ఎక్కువ?

ఈ ఇద్దరినీ నాకౌట్లతో కొలవకూడదు. తక్కువ బరువుల్లో, మూడే రౌండ్లుండే బౌట్లలో మనిషి కింద పడటం అరుదు. ఎదుటి అమ్మాయి మరీ దెబ్బలు తింటుంటే రిఫరీయే ఆపేస్తాడు. 2023 ఢిల్లీలో నిఖత్ తొలి బౌట్, అజర్‌బైజాన్ బాక్సర్‌తో, అలాగే ముగిసింది.

అలీ, టైసన్‌లకు నడుముకు బెల్టులుంటాయి. వీళ్లకెందుకు మెడలో పతకాలు?

వాళ్లవి ప్రొఫెషనల్ టైటిళ్లు. వీళ్లది ఒలింపిక్ పద్ధతి బాక్సింగ్. అక్కడ ఒక్క పెద్ద ఫైట్ కోసం నెలల తరబడి తయారవుతారు. ఇక్కడ రోజు మార్చి రోజు కొత్త మనిషితో తలపడాలి, ప్రతి బౌట్ రోజూ పొద్దున్నే బరువు చూపించాలి. ఇద్దరినీ టైసన్ పక్కన పెట్టి చూడటం హంపి చదరంగాన్ని శ్రీకాంత్ షటిల్ పక్కన పెట్టినట్టుంటుంది.

## ఇద్దరూ ఎదురుపడ్డప్పుడు

2019లో వీళ్లిద్దరికీ గొడవేంటి?

గొడవకు మూలం 51 కిలోల సీటు. ఆ బరువులో దేశానికి ఒక్కరే వెళ్తారు. 2019 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు ట్రయల్స్ పెట్టకుండా మేరీని పంపారు. ఒలింపిక్ క్వాలిఫయర్స్‌కు కూడా అలాగే చేస్తారనే మాట బయటికొచ్చింది. అప్పుడు 23 ఏళ్ల నిఖత్ కేంద్ర క్రీడామంత్రి కిరణ్ రిజిజుకు బహిరంగంగా ఉత్తరం రాసింది. అడిగింది ఒక్కటే: నాకూ ఒక అవకాశం, న్యాయంగా ఒక ట్రయల్. అమెరికా ఈతగాడు మైఖేల్ ఫెల్ప్స్ అంతటివాడు కూడా ప్రతిసారీ ట్రయల్స్ ఆడే వెళ్లాడని గుర్తుచేసింది.

ట్రయల్ పెట్టారు. 2019 డిసెంబర్ 28, ఢిల్లీ. మేరీ 9-1తో గెలిచింది.

ఇందులో తప్పెవరిదని అడిగితే, ఇద్దరిదీ కాదంటాను. పిలవకుండా పక్కన పెట్టినప్పుడు అడగడం నిఖత్ హక్కు. ఇరవై ఏళ్లు ఆడి గెలిచిన మనిషికి 'నిన్ను నువ్వు మళ్లీ నిరూపించుకో' అంటే ఒళ్లు మండటం సహజం. నియమం ముందే రాసి పెట్టి అందరికీ ఒకేలా అమలు చేసుంటే ఇద్దరి మధ్యకూ ఆ ఉత్తరం వచ్చేదే కాదు. జిల్లా స్థాయి సెలక్షన్స్‌లో ఇలాంటివి చూసి చూసి నాకు నిఖత్ ఉత్తరం మీద కాస్త ఎక్కువ ప్రేమే ఉంది, దాచను.

ఆ బౌట్ అయ్యాక మేరీ చెయ్యి కూడా కలపలేదట. నిజమేనా?

నిజమే, టీవీల్లో అందరూ చూశారు. గౌరవం కావాలంటే ముందు ఇవ్వాలి కదా అన్న ధోరణిలో ఆ తర్వాత మేరీ మాట్లాడింది. నాకది నచ్చలేదు. మా పిల్లలకు బౌట్ అయ్యాక మొదట నేర్పేది ఎదుటివాళ్ల కోచ్‌కు కూడా నమస్కారం పెట్టమనే. కానీ 2022లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాక నిఖత్ మేరీతో కలిసి దిగిన ఫొటో పెట్టి, ఆరాధించే మనిషి దీవెన లేనిదే గెలుపు పూర్తి కాదన్న అర్థంలో రాసింది. వాళ్లిద్దరూ మర్చిపోయారు, బెంచీ మీదవాళ్లే ఇంకా మర్చిపోలేదు.

ఒక్క ట్రయల్‌తో తేల్చలేం కదా. ఇద్దరూ కొట్లాడిన ప్రత్యర్థులు ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు. ఈ ప్రశ్న అడిగిన అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, బెంచీ మీద పెద్దలకు తట్టని ఆలోచన.

కొలంబియా బాక్సర్ ఇంగ్రిట్ వలెన్సియా: 2019 ప్రపంచ పోటీల క్వార్టర్స్‌లో ఆమె మీద మేరీ 5-0తో గెలిచింది, టోక్యో ఒలింపిక్స్‌లో 2-3తో ఓడింది. నిఖత్ 2023 ఢిల్లీ సెమీస్‌లో 5-0తో గెలిచింది. టర్కీకి చెందిన బూసె నాజ్ చాకిరోగ్లు: 2019 సెమీస్‌లో మేరీ 1-4తో ఓడింది. నిఖత్ 2022 స్ట్రాంజా టోర్నీలో 4-1తో గెలిచింది, 2025లో లివర్‌పూల్‌లో 0-5తో ఓడింది. జుటామస్ మీద ఇద్దరూ 5-0తోనే గెలిచారు.

ఈ లెక్కలో నిఖత్ ఒక మెట్టు పైనే కనిపిస్తుంది. కానీ వయసు మర్చిపోవద్దు. వీళ్లతో ఆడేనాటికి మేరీకి 36 దాటింది. నిఖత్ ఆ మూడు గెలుపులూ తన 25, 26 ఏళ్లలో సాధించింది.

## ఒలింపిక్స్

అన్నిసార్లు ప్రపంచ ఛాంపియన్ కదా, మేరీకి ఒలింపిక్ బంగారం ఎందుకు రాలేదు?

బరువు. 2012లో లండన్‌లో మహిళలకు మూడే విభాగాలు పెట్టారు: 51, 60, 75 కిలోలు. మేరీ సహజంగా ఆడే బరువు 46, 48. తన విభాగమే లేదు కాబట్టి 51కి ఎక్కింది. బాక్సింగ్‌లో మూడు కిలోలంటే బజారులో మూడు కిలోల మిరపకాయలు కాదు. ఎదుటి మనిషి చెయ్యి పొడవు మారిపోతుంది, పంచ్ బరువు మారిపోతుంది. ఐదడుగుల రెండంగుళాల మనిషి తనకన్నా పొడుగువాళ్ల చేతుల కింద నుంచి దూరి కొట్టాలి. అయినా పోలండ్ బాక్సర్ మీద 19-14, ట్యునీషియా బాక్సర్ మీద 15-6తో గెలిచి సెమీస్ చేరింది. అక్కడ ఓడించిన నికోలా ఆడమ్స్ ఆ బంగారం గెలిచింది, మేరీకి కాంస్యం దక్కింది.

మనకు తెలిసిన ఉదాహరణ ఒకటుంది. కరణం మల్లీశ్వరి 1994, 1995లో 54 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్. ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్‌లిఫ్టింగ్ పెట్టేసరికి 2000 వచ్చింది, ఆమె 69 కిలోల్లో దిగి కాంస్యం తెచ్చింది. ఇద్దరి విషయంలోనూ ఒలింపిక్స్ ఆలస్యంగా వచ్చింది. ఆ కాంస్యాలను చూసి పెదవి విరిచేవాళ్లతో నేను వాదన పెట్టుకోను, పునుగులు తిని వచ్చేస్తాను.

టోక్యోలో మేరీని మోసం చేశారా? రెండు రౌండ్లు గెలిచి ఎలా ఓడింది?

మోసం కాదు, కూడిక. 2021 జూలై 29న వలెన్సియాతో బౌట్. మొదటి రౌండ్‌ను నలుగురు జడ్జీలు వలెన్సియాకిచ్చారు, ఒక్కరు మేరీకి. తర్వాతి రెండు రౌండ్లూ 3-2తో మేరీవే. కానీ గెలుపు తేలేది రౌండ్ల సంఖ్యతో కాదు, ఒక్కో జడ్జీ మూడు రౌండ్ల మొత్తంతో. అలా కూడితే ముగ్గురి కార్డుల్లో వలెన్సియా ముందుంది. మేరీ కూడా రింగ్‌లో తనే గెలిచాననుకుంది. అంతర్జాతీయ రింగ్‌లో అదే ఆమె చివరి బౌట్.

పారిస్‌లో నిఖత్ అంత తొందరగా ఎందుకు తిరిగొచ్చింది?

డ్రా, అంటే ఎవరు ఎవరితో ఆడాలో తేల్చే జాబితా, దెబ్బకొట్టింది. రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయినా నిఖత్‌కు సీడింగ్ రాలేదు. సీడింగ్ లేకపోతే పెద్దవాళ్లు ముందే ఎదురవుతారు. తొలి బౌట్లో జర్మనీ బాక్సర్ మాక్సీ క్లోట్జర్‌ను 5-0తో ఓడించింది. రెండో బౌట్లోనే టాప్ సీడ్, చైనా బాక్సర్ వు యు. ఆమె 2023లో 52 కిలోల ప్రపంచ ఛాంపియన్. 0-5తో నిఖత్ ఓడింది, వు యు తర్వాత బంగారం గెలిచింది.

అయితే అంతా డ్రా మీదకే నెట్టడం నాకిష్టం లేదు. ఆ రోజు వు యు దూరాన్ని బాగా కొలుచుకుని ఆడింది. నిఖత్ దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఆమె అప్పటికే పక్కకు జరిగిపోయి ఉండేది. సీడింగ్ ఉండుంటే ఇంకో రెండు బౌట్లు ఎక్కువ ఆడేదేమో, ఆ బౌట్ మాత్రం గెలిచేది కాదు.

## ఇప్పటి సంగతులు, తీర్పు

అవార్డులు, ఉద్యోగాలు ఎవరికెక్కువ?

మేరీకి అర్జున, ఖేల్‌రత్న, పద్మశ్రీ, పద్మభూషణ్, 2020లో పద్మవిభూషణ్. 2016 నుంచి 2022 వరకు రాజ్యసభ నామినేటెడ్ సభ్యురాలు. నిఖత్‌కు 2022లో అర్జున, తెలంగాణ ప్రభుత్వం నుంచి 2 కోట్ల రూపాయల నజరానా, 2024లో డీఎస్పీ ఉద్యోగం. 'బాక్సింగ్ నేర్చుకుంటే డీఎస్పీ అవుతారా' అని ఆ వారంలో నన్ను నలుగురు అడిగారు.

మేరీ రిటైర్ అయినట్టా, కానట్టా?

2022 జూన్‌లో కామన్వెల్త్ ట్రయల్స్ ఆడుతుండగా మోకాలు దెబ్బతింది. ఈ తరహా బాక్సింగ్‌కు వయసు పరిమితి 40 ఏళ్లు, అది దాటిపోయింది. 2024లో రిటైర్ అయిందని వార్తలొస్తే, నేనలా ప్రకటించలేదని తనే చెప్పింది. ఈ పోటీల్లో మాత్రం ఇక ఆడే వీల్లేదు.

చుట్టూ తిప్పకుండా చెప్పండి మాస్టారూ, ఎవరు గొప్ప?

మేరీ. ఆరు ప్రపంచ టైటిళ్లు, తనది కాని బరువులో ఒలింపిక్ పతకం, పదహారేళ్ల తేడాతో తొలి బంగారం, ఆఖరి బంగారం. ఈ మూడో అంశం ఒక్కటి చాలు నాకు. కానీ ఇద్దరి ఉత్తమ రోజునూ ఎదురెదురు నిలబెడితే, ఇస్తాంబుల్ నాటి నిఖత్ 51 కిలోల మేరీని మూడు రౌండ్లూ చెమటలు పట్టిస్తుందనుకుంటాను. ఘనత వేరు, ఆట వేరు. తెలుగమ్మాయి కాబట్టి ఇలా అంటున్నానని మా ఆవిడ అంటుంది.

మా అమ్మాయికి ఎవరి బౌట్లు చూపించమంటారు?

ఇద్దరివీ, ఒక్కోటి చాలు. మేరీది 2018 ఢిల్లీ ఫైనల్, నిఖత్‌ది 2022 ఇస్తాంబుల్ ఫైనల్. మేరీ కాళ్లు చూడమనండి, ఒకటి రెండు కొట్టి ఎంత వేగంగా దూరం జరుగుతుందో. నిఖత్ విషయంలో మొదటి రౌండ్‌కు, మూడో రౌండ్‌కు మధ్య ఏం మార్చిందో కనిపెట్టమనండి. సౌండ్ తీసేసి చూపించండి, కామెంటరీ వింటే పిల్లలు వాళ్ల తీర్పే అప్పజెబుతారు. ప్రతి రౌండ్ అవగానే ఆపి, చీటీ మీద 10-9 ఎవరికో రాయించండి. మా బ్యాచ్‌లో ఇస్తాంబుల్ ఫైనల్ చూపించినప్పుడు పదకొండు మందిలో ఏడుగురు రెండో రౌండ్ జుటామస్‌కే రాశారు. రాయనివాళ్లలో నేనూ ఉన్నాను.